బాఘాకి తెలుగొచ్చా, ఒడియా వచ్చా?

మా బాఘాకి మూడేళ్లు. ఆంధ్ర సరిహద్దుకి ఆనుకుని ఒడిశా వైపున్న పర్లాకిమిడిలో మా ఎదురింటి మావుసీ (ఒడియాలో పిన్ని) వాళ్ల కుక్క పిల్లలు పెడితే ఒకదాన్ని తెచ్చుకున్నాం. పేరు ఆవిడే పెట్టింది. ఒడియాలో బాఘ అంటే పులి. కుక్కకి బాఘా అని పెట్టుకోవడం ఇటువైపు మామూలే. మా ఇంట్లో ఆ ఒత్తుని ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి వాడు ‘బాగా’ అయిపోయాడు. "బాగా బాగా తిన్నాడా?" అని అమ్మ అడుగుతుంటే కొత్తగా వచ్చినవాళ్లు కాసేపు తికమకపడతారు.

మావుసీ వీధిలోంచి ‘బొసొ’ అంటే వాడు కూర్చుంటాడు. నేను ‘కూర్చో’ అన్నా కూర్చుంటాడు. దాంతో వాడికి రెండు భాషలు వచ్చని వీధంతా తీర్మానించేసింది. ఇది చాలదన్నట్టు మొన్న మా అన్నయ్య కొడుకు ఫోన్‌లో ఒక రీల్ చూపించాడు. ఎక్కడిదో ఒక కుక్క నేల మీద పరిచిన బటన్లను పంజాతో నొక్కుతుంటే ‘బయటికి’, ‘ఆట’ అని వాటిలోంచి మాటలు వస్తున్నాయి. "చిన్నాన్నా, మన బాగాకి కూడా కొందామా? కుక్కకి రెండేళ్ల పిల్లాడి బుర్ర ఉంటదంట."

ఇలాంటి మాటలు ఇప్పుడు ప్రతి వాట్సాప్ గ్రూపులో తిరుగుతున్నాయి. కుక్కకి 165 మాటలు తెలుసనీ, తప్పు చేస్తే సిగ్గుపడుతుందనీ, ఫలానా జాతికి తెలివి ఎక్కువనీ. ఏదీ పూర్తిగా అబద్ధం కాదు. అలాగని విన్నది విన్నట్టు నమ్మేయడానికీ లేదు.

రెండేళ్ల పిల్లాడి బుర్ర సంగతి

ఈ పోలిక ఎక్కువగా కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన స్టాన్లీ కోరెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పేరు మీద తిరుగుతుంది. పిల్లల మాటల్ని కొలిచే పరీక్షలనే కుక్కలకు తగ్గట్టు మార్చి చూసి, సగటు కుక్క సుమారు 165 మాటలు, సైగలు నేర్చుకోగలదని ఆయన అంచనా వేశాడు. జాతుల వారీ జాబితా కూడా ఆయనదే, 1994లో వచ్చింది. బోర్డర్ కోలీ మొదటిది, అఫ్గాన్ హౌండ్ ఆఖరిది.

ఆ జాబితా ఎలా తయారైందో మాత్రం ఫార్వర్డ్‌లలో ఉండదు. అమెరికా, కెనడాల్లో కుక్కల విధేయత పోటీలకు న్యాయనిర్ణేతలుగా ఉండే 199 మంది అభిప్రాయాలు అడిగి కూర్చిందది. కోరెన్ తానే తెలివిని మూడుగా విడగొట్టాడు. మంద కాయడం, కాపలా కాయడం లాంటి పుట్టుకతో వచ్చే నేర్పు ఒకటి. ఎదురైన చిక్కుని సొంతంగా విప్పుకోవడం ఇంకొకటి. మనిషి చెప్పింది నేర్చుకుని చేయడం మూడోది. జాబితా కొలిచింది ఈ మూడోదాన్నే. అంటే ఆఖరున ఉన్న కుక్క తెలివితక్కువదని కాదు, చెప్పిన మాట వినదని. మన నాటు కుక్కలు ఆ జాబితాలోనే లేవు, కాబట్టి మావుసీ బాధపడక్కర్లేదు.

మెదడు లెక్క కూడా ఒకటుంది. 2017లో సుజానా హెర్క్యులానో-హౌజెల్ బృందం లెక్కిస్తే కుక్క మెదడు పైపొరలో దాదాపు 53 కోట్ల నాడీకణాలు తేలాయి. పిల్లిలో 25 కోట్లు, మనిషిలో దాదాపు 1600 కోట్లు. పిల్లులు పెంచేవాళ్లకి ఈ అంకెలు నచ్చవు. కణాలు ఎక్కువున్నంత మాత్రాన అవి దేనికి పనికొస్తున్నాయో తెలిసిపోదు కాబట్టి వాళ్లూ బాధపడక్కర్లేదు.

లెక్కలు చేసిన గుర్రం

కుక్కల కథ చెప్పడానికి ముందు ఒక గుర్రం గురించి చెప్పాలి. 1900ల మొదట్లో బెర్లిన్‌లో ఫాన్ ఓస్టెన్ అనే రిటైరైన బడిపంతులు దగ్గర హాన్స్ అనే గుర్రం ఉండేది. మూడూ నాలుగూ కలిపితే ఎంత అంటే ఏడుసార్లు డెక్క తట్టేది. తీసివేతలు, భిన్నాలు కూడా చేసేదని పేరు. 1904లో ఒక కమిటీ వచ్చి చూసి, మోసం ఏమీ లేదని తేల్చింది. నిజంగానే లేదు. పంతులు మంచివాడే.

తర్వాత ఆస్కార్ ఫుంగ్స్ట్ అనే ఆయన ఓపిగ్గా పరీక్షించాడు. జవాబు తెలియని మనిషి ప్రశ్న అడిగితే హాన్స్ తప్పు చెప్పేది. అడిగే మనిషి కనబడకపోతే కూడా అంతే. సంగతేమిటంటే, డెక్క తట్టడం మొదలవగానే అడిగినవాళ్లు తెలియకుండానే కొంచెం ముందుకు వంగుతారు. సరైన అంకె రాగానే తల రవ్వంత పైకి లేస్తుంది. గుర్రం చూసేది ఆ రవ్వంతనే. దానికి లెక్కలు రావు, మనుషుల్ని చదవడం వచ్చు. ఫుంగ్స్ట్ ఈ సంగతి 1907లో అచ్చువేశాక, జంతువుల తెలివిని పరీక్షించే ప్రతివాళ్లూ హాన్స్‌ని గుర్తుపెట్టుకోవాల్సి వచ్చింది.

నేనూ గుర్తుపెట్టుకుని ఓ ఆదివారం బాఘాని వరండాలో నిలబెట్టాను. చేతిలో మారీ బిస్కెట్లు. మొదట మామూలుగా ‘కూర్చో’ అన్నాను, కూర్చున్నాడు. అప్పుడు గమనించాను, ఆ మాట అన్నప్పుడల్లా నా కుడిచెయ్యి నడుం దాకా లేస్తోంది. రెండోసారి చేతులు వెనక్కి కట్టుకుని అన్నాను. ఒక క్షణం ఆలోచించి కూర్చున్నాడు. మూడోసారి అదే గొంతుతో, అదే చూపుతో ‘టమాటా’ అన్నాను. ఏ అనుమానమూ లేకుండా కూర్చున్నాడు. నాలుగోసారి వాడివైపు చూడకుండా, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు, "అత్త నన్ను కాసేపు కూర్చో అంది" అన్నాను. చెవి కూడా కదపలేదు. చివరికి గదిలోకి వెళ్లి తలుపు చాటునుంచి ‘కూర్చో’ అని పిలిచాను. వాడు లేచి తలుపు దగ్గరికొచ్చి, సందులోంచి మోర లోపలికి పెట్టి చూశాడు.

"అయితే వీడికి తెలుగు రాదన్నమాట," అన్నాడు మా అన్నయ్య కొడుకు నిరాశగా. ఒక్క కుక్క, అరడజను బిస్కెట్లు కలిపితే శాస్త్రం అయిపోదు గానీ, వాడు నా ఒళ్లూ గొంతూ కలిపి చదువుతున్నాడన్నది మాత్రం కళ్లముందే ఉంది.

మరి మాటకు విలువ లేదా

ఉంది. 2016లో బుడాపెస్ట్‌లోని ఓట్వోష్ లోరాండ్ విశ్వవిద్యాలయంలో అట్టిలా అండిచ్ బృందం 13 కుక్కలకు ఎంఆర్‌ఐ యంత్రంలో కదలకుండా పడుకోవడం నేర్పి, వాటికి శిక్షణ ఇచ్చే మనిషి గొంతు వినిపించింది. మెచ్చుకునే మాట మెచ్చుకునే గొంతుతో, అదే మాట చప్పటి గొంతుతో, ‘అయినా’, ‘కానీ’ లాంటి కుక్కకు పట్టని మాటలు ముద్దు గొంతుతో, ఇలా కలిపి మార్చి. మెదడులో సంతోషానికి సంబంధించిన భాగాలు బాగా స్పందించింది మాటా గొంతూ రెండూ మెచ్చుకోలుగా ఉన్నప్పుడే. అంటే ముద్దుగా ‘టమాటా’ అంటే బాఘా కూర్చోవచ్చు గానీ, ‘శభాష్’ అన్నదానితో అది సమానం కాకపోవచ్చు.

పేర్లు నేర్చిన కుక్కలూ ఉన్నాయి. 2004లో జర్మనీలో రీకో అనే బోర్డర్ కోలీ 200కు పైగా వస్తువుల పేర్లు గుర్తుపడుతుందని ప్రపంచానికి తెలిసింది. తెలిసిన బొమ్మల మధ్య ఒక కొత్త బొమ్మ పెట్టి, ఎన్నడూ వినని పేరు చెబితే, ‘మిగతావాటికి పేర్లున్నాయి కాబట్టి ఇదే అయ్యుండాలి’ అన్నట్టు కొత్తదాన్ని తెచ్చేది. అమెరికాలో జాన్ పిల్లీ అనే ప్రొఫెసర్ తన కుక్క ఛేజర్‌కి మూడేళ్లపాటు రోజూ గంటల తరబడి నేర్పి 1022 బొమ్మల పేర్లు పట్టించాడు. ఇక్కడ హాన్స్ పాఠం పనికొచ్చింది. బొమ్మని ఎంచుకునేటప్పుడు అడిగే మనిషి కుక్కకి కనబడకుండా ఏర్పాటు చేశారు.

ఛేజర్ లాంటివి బహు అరుదు. బుడాపెస్ట్‌లోనే మామూలు పెంపుడు కుక్కలకు మూడు నెలలు నేర్పితే, చాలావాటికి రెండు బొమ్మల పేర్లు కూడా పట్టుబడలేదు. ‘రా’, ‘కూర్చో’ లాంటి పనులు నేర్వడం వాటికి తేలిక, వస్తువు పేరు కష్టం. ఎందుకంత కష్టమో ఇంకా తేలలేదు. 2024లో మరియానా బోరోష్ బృందం వేరే దారిలో వెళ్లింది. యజమాని ‘బంతి’ అని వేరే వస్తువు చూపిస్తే 18 కుక్కల మెదడు తరంగాలు ఎలా మారతాయో కొలిచారు. మాటా వస్తువూ కలవనప్పుడు తేడా కనిపించింది. మాట వినగానే కుక్క మనసులో ఏదో బొమ్మ కడుతుందనీ, బయటికి చేసి చూపించలేకపోయినా లోపల కొంత తెలుసనీ వాళ్ల వాదన. బొమ్మల పేర్లు బాగా నేర్చిన కుక్కలు పేరు వినగానే తల పక్కకి వంచడం కూడా ఎక్కువేనని 2021లో మరో పరిశీలన వచ్చింది. బాఘా కూడా తల వంచుతాడు, కాకపోతే వడియాలు వేగుతున్న చప్పుడుకి.

ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా

ఇక రెండు భాషల తగువు. దీనికి దగ్గరగా వచ్చే పరిశోధన ఒకటుంది. లారా కువాయా అనే పరిశోధకురాలు మెక్సికో నుంచి తన కుక్కతో సహా బుడాపెస్ట్ చేరింది. పుట్టినప్పటినుంచి స్పానిష్ విన్న కుక్క, చుట్టూ హంగేరియన్ మోగుతుంటే ఏమనుకుంటుందని ఆవిడ సందేహం. 18 కుక్కలకు ఒకే కథని రెండు భాషల్లో వినిపించి, భాషే కాకుండా ముక్కలు చేసి కలిపేసిన శబ్దాన్నీ వినిపించి, మెదడు చూశారు. మాటకీ ముక్కల శబ్దానికీ తేడా తెలిసింది. అలవాటైన భాషకీ కొత్త భాషకీ కూడా తేడా తెలిసింది. వయసు మళ్లిన కుక్కల్లో ఈ రెండో తేడా ఇంకా స్పష్టం.

ఇక్కడే జనం పొరపాటు పడేది. తేడా తెలియడం వేరు, అర్థం కావడం వేరు. గుణుపురం రైలెక్కితే పక్క సీట్లో సవర ఆడవాళ్లు మాట్లాడుకుంటూ ఉంటారు. అది సవర అని నాకు రెండో మాటకే తెలిసిపోతుంది, ఒక్క ముక్క అర్థం కాదు. (ఇదే ఊళ్లో బడిపంతులుగా ఉంటూ ఆ భాష పట్టుదలగా నేర్చుకుని నిఘంటువు దాకా వెళ్లినవాడు గిడుగు రామమూర్తి. ఆయన ఊరివాళ్లమై ఉండి మాకు రాకపోవడం మా బద్ధకం.) భాషకో పాట ఉంటుంది, దాన్ని పట్టుకోవడానికి అర్థంతో పనిలేదు. కుక్కకి చిక్కేదీ ముందు ఆ పాటే.

అలా చూస్తే ‘కూర్చో’, ‘బొసొ’ బాఘాకి రెండు భాషలు కావు, ఒకే పనికి రెండు చప్పుళ్లు. ఒకటి నాది, ఒకటి మావుసీది. ఒక భాషలోదని దాన్ని విడదీసి పెట్టుకోవాల్సిన అవసరం వాడికి లేదు. మావుసీ ‘కూర్చో’ అంటే ఒక్కోసారి ఆవిడ మొహం కేసి చూస్తూ ఉండిపోతాడు, బహుశా ఆ చప్పుడు ఆ నోటికి అతకలేదు.

వేలు చూపిస్తే వేలు చూడదు

కుక్కకున్న తెలివిలో నన్ను ఆశ్చర్యపరిచేది ఇది. మంచం కిందకి దొర్లిన బంతిని వేలితో చూపిస్తే వాడు వేలు వాసన చూడడు, వేలు చూపే దిక్కుకి వెళతాడు. మనకిది మామూలు, జంతువుల్లో మామూలు కాదు. చింపాంజీలే ఇందులో కుక్కల దగ్గర తీసికట్టు.

ఈ నేర్పు ఎక్కడిదన్నదే పెద్ద తగువు. బ్రయాన్ హేర్ లాంటివాళ్లు, కనీసం 15 వేల ఏళ్లుగా మనిషితో బతుకుతున్నందువల్ల ఇది కుక్కల రక్తంలోకి వచ్చేసిందంటారు. 2021లో ఎనిమిది వారాల వయసున్న 375 కుక్కపిల్లల్ని ఇలా పరీక్షిస్తే, మనుషులతో పెద్దగా అలవాటు లేని ఆ వయసులోనే అవి వేలి సైగని పట్టుకున్నాయి. పిల్లకీ పిల్లకీ మధ్య ఉన్న తేడాలో 40 శాతం పైగా వంశపారంపర్యమని తేలింది. మోనిక్ ఉడెల్, క్లైవ్ విన్ లాంటివాళ్లు ఒప్పుకోరు. చేతుల్లో పెరిగిన తోడేళ్లు కూడా వేలిని అనుసరించాయి కదా, ఇది పెంపకంలో నేర్చేదే అంటారు.

మన దేశపు ఊర కుక్కలు ఈ తగువులో మంచి సాక్షులు. కోల్‌కతాలోని ఐసర్ అనే విజ్ఞాన పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం బెంగాల్ వీధుల్లో ఎవరూ పెంచని 160 కుక్కల ముందు మూతపెట్టిన గిన్నెలు రెండు ఉంచి, ఒకదానివైపు వేలు చూపించింది. సగం కుక్కలు దగ్గరికే రాలేదు, వాటికి మనుషులంటే బెరుకు. వచ్చినవాటిలో సుమారు 80 శాతం వేలు చూపిన గిన్నెకే వెళ్లాయి. ఎవరూ నేర్పకుండానే వచ్చిందని ఒక పక్షం చెప్పుకోవచ్చు. వీధిలో మనుషుల మధ్యే పెరిగాయి కదా, బతుకే నేర్పిందని రెండో పక్షం. రెండూ కొంత కొంత నిజమేననిపిస్తుంది నాకు.

దీనికి ఇంకో కొస కూడా ఉంది. 2003లో తోడేళ్లకీ కుక్కలకీ ఎంత లాగినా రాని తిండి పెట్టి చూశారు. తోడేళ్లు లాగుతూనే ఉన్నాయి. కుక్కలు కాసేపు లాగి, వెనక్కి తిరిగి మనిషి మొహం చూశాయి. దీన్ని పరాధీనత అనాలా, తెలివి అనాలా? మా వీధి చివర ఉండే ఎర్ర ఊర కుక్క గేటు గడియని మూతితో ఎత్తి లోపలికి వచ్చేస్తుంది. బాఘా మూడేళ్లుగా అదే గడియ ముందు కూర్చుని, ఒకసారి దాన్నీ ఒకసారి నన్నూ చూస్తాడు. ఇద్దరికీ గేటు తెరుచుకుంటోంది.

ముందు కాళ్లు వంచితే

సాయంత్రం బడి మైదానంలో బాఘాకి ఒక జోడీ ఉంది, కూరగాయల కొట్టువాళ్ల తెల్ల కుక్కపిల్ల. వీడి బరువులో సగం ఉండదు. ఆట ఎలా మొదలవుతుందో దగ్గరగా చూడాలి. బాఘా ముందు కాళ్లు చాపి రొమ్ము నేలకి ఆనిస్తాడు, వెనకభాగం పైకి, తోక గిరగిరా. ఒక్క క్షణం అలా ఆగిపోతాడు. అవతలి కుక్క కూడా వంగిందా, ఇక పరుగే.

ఈ వంగడం కుక్కలకే కాదు, తోడేళ్లకీ ఉంది. ‘ఇక మీదట చేసేదంతా ఆటే’ అని చెప్పడం అది. 1995లో మార్క్ బెకాఫ్, తల విదిలిస్తూ కొరకడం లాంటి గట్టి చేష్టలకు ముందూ వెనకా ఈ వంగడం ఎక్కువగా వస్తుందని చూపించాడు, ‘కొరికాను గానీ కోపంతో కాదు’ అన్నట్టు. 2016లో బార్బరా స్మట్స్ తదితరులు ఎదిగిన పెంపుడు కుక్కల వీడియోలు విడివిడిగా చూసి, అది ఎక్కువగా ఆట కాసేపు ఆగిన చోట వస్తోందన్నారు, ‘మళ్లీ మొదలెడదామా’ అన్నట్టు. మైదానంలో నేను చూసేది రెండోదానికే దగ్గర. పరిగెత్తి పరిగెత్తి ఇద్దరూ నాలుకలు వేలాడేసుకుని నిలబడతారు, అప్పుడు ఎవరో ఒకరు వంగుతారు.

చూసే కొద్దీ ఇంకొన్ని కనబడతాయి. బాఘా తనే వెల్లకిలా పడి చిన్నదాన్ని మీదెక్కనిస్తాడు. బలమైనది తన బలం తగ్గించుకుని ఆడటం పరిశోధకులు చాలా కుక్కల్లో చూశారు. లేకపోతే చిన్నది రెండో రోజు ఆటకి రాదు. అవతలి కుక్క అటు తిరిగి ఉంటే వంగడు, ముందు మూతితో పొడిచి ఇటు తిప్పుకుంటాడు. ఎదుటివాడు చూస్తున్నాడో లేదో తెలుసుకుని సైగ చేయడమన్నమాట. దీన్ని వీడియోల్లో ఒక్కో ఫ్రేమూ లెక్కపెట్టి చూపించింది అలెగ్జాండ్రా హోరోవిట్జ్.

గుర్రుమంటే భయపడే తల్లిదండ్రులకి ఒక మాట. ఆటలో గుర్రు వేరు, ఎముక కాపలాలో గుర్రు వేరు. 2010లో హంగేరీ పరిశోధకులు ఎముక దగ్గరికి వచ్చిన కుక్కలకు రెండు రకాల గుర్రులూ స్పీకర్‌లో వినిపిస్తే, తిండి కాపలా గుర్రుకే అవి ఎక్కువగా వెనక్కి తగ్గాయి. తాడు లాగే ఆటలో కుక్కని గెలవనిస్తే నెత్తికెక్కుతుందని మా పెద్దనాన్న గట్టి నమ్మకం. 2002లో 14 గోల్డెన్ రిట్రీవర్లతో అదే పరీక్ష చేస్తే, గెలిచినందుకు పెత్తనం పెరిగిన జాడ లేదు. ఆయనకి చెప్పాను, నమ్మలేదు.

స్నానం అయ్యాక ఇల్లంతా పిచ్చెత్తినట్టు గుండ్రంగా పరిగెత్తడం కూడా రోగం కాదు, చాలా కుక్కలకి ఉన్నదే. ఎర్ర బంతి పచ్చగడ్డిలో పడితే వెతుక్కోవడం మాత్రం మొద్దుతనం అనుకునేవాణ్ని. కుక్క కంటికి నీలం, పసుపు తెలుస్తాయి గానీ ఎరుపు, ఆకుపచ్చ విడివిడిగా కనబడవు. ఇప్పుడు నీలం బంతి కొన్నాం.

అసలు ఆడటమెందుకు? వేటకీ పోట్లాటకీ తాలీము అని ఒక వాదం, ఊహించనివి ఎదురైతే తట్టుకోవడానికి సాధన అని ఒకటి, తోటివాళ్లతో చెలిమి అని మరొకటి. పెద్దయ్యాక కూడా కుక్క ఇంతలా ఆడటానికి, పిల్లతనం పోని జంతువుల్నే మనిషి తరతరాలుగా దగ్గరికి తీశాడని కారణం చెబుతారు. నిరూపించడం కష్టం గానీ బాఘాని చూస్తే కొట్టిపారేయలేం.

కొమ్ము కొంగ కేసు

మా ఊరు కొమ్ము బొమ్మలకి పేరు. ఒక పెళ్లికి ఇద్దామని కొమ్ముతో చేసిన కొంగని కొని బల్ల మీద పెట్టాను. సాయంత్రం వచ్చేసరికి ముక్కు లేదు, ఒక కాలు లేదు. నేను గుమ్మంలో నిలబడి "ఎవర్రా ఇది చేసింది?" అన్నాను. బాఘా చెవులు వెనక్కి వాల్చి, కళ్లు పక్కకి తిప్పి, తోక పొట్ట కిందికి చుట్టేశాడు. "చూశావా, తప్పు చేశానని వాడికే తెలుసు," అంది అమ్మ.

2009లో హోరోవిట్జ్ ఈ మొహాన్నే పరీక్షించింది. 14 కుక్కల యజమానులు బిస్కెట్ తినొద్దని చెప్పి గది బయటికి వెళ్లేవారు. లోపల ఒక్కోసారి కుక్క తినేది, ఒక్కోసారి తినేది కాదు. యజమానికి ఒక్కోసారి నిజం చెప్పేవారు, ఒక్కోసారి అబద్ధం. ఆ ‘తప్పు చేసిన మొహం’ తిన్నదాన్ని బట్టి రాలేదు, తిట్టినదాన్ని బట్టి వచ్చింది. ఏమీ తినకుండా తిట్లు తిన్న కుక్కల్లోనే ఎక్కువగా కనిపించింది. కుక్కలకి అపరాధ భావన లేదని దీనివల్ల తేలదు, ఆ మొహం దానికి సాక్ష్యం కాదని మాత్రం తేలుతుంది. పిల్లి పాలగిన్నె ఒలకబోసినప్పుడు నేను అరిచినా బాఘా సరిగ్గా ఇదే మొహం పెట్టాడు. పైగా గేదె కొమ్ము ముందుపెట్టి కొరకొద్దంటే ఎలా.

బటన్ల సంగతి

శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఫెడెరికో రొస్సానో బృందం ఈ బటన్ల కుక్కల మీద పనిచేస్తోంది. 2024లో 59 కుక్కల మీద చేసిన పరిశోధనలో, ‘ఆట’, ‘బయటికి’ అన్న మాటలకు అవి సందర్భానికి తగ్గట్టే స్పందించాయి, నోటితో చెప్పినా, బటన్ నొక్కినా, నొక్కింది కొత్త మనిషైనా. మాట యజమాని ఒంటి సైగల్లో మాత్రమే లేదని దీనివల్ల తెలుస్తుంది. కుక్క తనే నొక్కడం మాట్లాడటమేనా అన్నది ఇంకో ప్రశ్న. రెండేసి బటన్లు నొక్కడం యాదృచ్ఛికం కంటే ఎక్కువగా ఒక పద్ధతిలో ఉందని అదే బృందం అంటోంది. నొక్కితే తలుపు తెరుచుకుంటుందని తెలిస్తే చాలు, గంట కొట్టినట్టు నొక్కుతుందనీ, వాక్యం వెతుక్కునేది మనమేననీ అనుమానించేవాళ్లు అంటారు. రీల్‌లో మనకి కనిపించేది ఎంచి పెట్టిన అరనిమిషం, మిగతా రోజంతా ఏం నొక్కిందో తెలియదు.

ఇదంతా మావాడికి చెప్పి, బటన్లు ఇప్పుడొద్దులే అన్నాను. అంతలో ఆరైంది. బాఘా వంటింటి గడప దగ్గర్నుంచి తన సత్తు గిన్నెని పళ్లతో పట్టుకొచ్చి, నా కాళ్ల దగ్గర గచ్చు మీద ఠంగుమని పడేసి, నా మొహం చూశాడు. రోజూ చేసేదే.

"ఇది బటనే కదా చిన్నాన్నా," అన్నాడు మావాడు.